పెరటి గొయ్యిలో దాగిన చరిత్ర



హోసూరు కానివ్వండి, కోలారు, బళ్ళారి, పర్లాకిమిడి, యానాం కానివ్వండి, మన తెలుగువారి పెరట్లో ఒక మూల పెంటకుప్ప ఉండేది. పేడ, పొయ్యిలో బూడిద, రాలిన ఆకులు అన్నీ అక్కడికే చేరేవి. చిక్కుడు తీగకు పేనుబంక పడితే పొద్దున్నే మంచు ఆరకముందు ఇంత బూడిద చల్లేవారు. ఇప్పుడు సేంద్రియ వ్యవసాయం అనగానే అదేదో పైదేశపు విద్య అనుకుంటున్నాం. ఆ విద్యకు పునాది వేసినవారిలో ఒకరు పాఠాలు నేర్చింది మన దేశపు రైతుల దగ్గరే. ఆ సంగతి చెప్పుకుందాం.

1889లో జాన్ అగస్టస్ వోల్కర్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త మన సేద్యాన్ని పరిశీలించడానికి వచ్చారు. రైతు పేడను తగలబెట్టేది ఎరువు విలువ తెలియక కాదు, వంటచెరకు దొరకక అని 1893 నాటి తమ నివేదికలో తేల్చారు.

1905లో ఆల్బర్ట్ హోవర్డ్ బీహారులోని పూసా పరిశోధన కేంద్రానికి వచ్చారు. పురుగుమందు ఎరుగని చుట్టుపక్కల రైతుల పైర్లకు చీడ అంతగా పట్టకపోవడం గమనించారు. ఆ రైతులూ, ఆ పురుగులే తనకు గురువులన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1906లో, చిత్తూరుకు చేరువలోని రాణిపేటలో సూపర్ ఫాస్ఫేట్ తయారీ మొదలైంది. మన దేశంలో రసాయన ఎరువుల పరిశ్రమకు అదే ఆరంభం. చూశారా, రెండు దారులూ ఒకేసారి మొదలయ్యాయి!

1924 నుంచి హోవర్డ్ ఇండోర్‌లో కంపోస్టు మీద పనిచేశారు. పత్తికట్టె, కందికట్టె వంటి గట్టివాటిని బండ్లబాటలో పరిచి చక్రాల కింద నలగనిచ్చేవారు. తర్వాత గోతిలో చెత్త, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మన్ను, కట్టెబూడిద పొరలుగా వేసి నీళ్ళు చిలకరించేవారు. మూడుసార్లు తిరగవేస్తే మూడు నెలలకు ఎరువు సిద్ధం. గోతిని లోతుగా తవ్వనిచ్చేవారు కాదు. చెత్తను మగ్గబెట్టే సూక్ష్మజీవులకు గాలి కావాలి. గాలాడకపోతే కుళ్ళుకంపు, పైగా సారం నష్టం.

ఇందులో మన రైతు అనుభవం ఉంది, చైనా రైతుల అనుభవమూ ఉంది. వాటికి శాస్త్రవేత్త లెక్క తోడైంది. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి హోవర్డ్ దీన్ని పుస్తకంగా వెలువరించారు.

ఒక మాట ఒప్పుకుందాం. మన పాత పెంటకుప్పలన్నీ గొప్పవేం కావు. ఎండకు ఎండి, వానకు తడిసి సారం కొట్టుకుపోయేది. మగ్గని పేడ వేస్తే చెదలు పట్టేవి. కాబట్టి తాతల పద్ధతి అని మురిసిపోతే చాలదు, శ్రద్ధగా చేయాలి.

ఇవాళ పెరట్లో పశువు లేదు, గొయ్యీ లేదు. అంగట్లో వంకాయలు నిగనిగలాడుతుంటాయి. వాటిమీద ఏ మందు ఎప్పుడు కొట్టారో అమ్మేవారికే తెలియదు. మన పిల్లలు తినేది అవే కదా!

అందుకని, నాలుగు వంగ మొక్కలు, ఒక బీరపాదు చాలు, మొదలుపెట్టండి. రెండడుగుల గొయ్యి తీసి, పైన నీడ వేసి, వంటింటి తొక్కలు, ఆకులు, అడిగి తెచ్చుకున్న తట్టెడు పేడ పొరలుగా పేర్చండి. తడి ఆరనివ్వకండి, నీళ్ళు నిలవనివ్వకండి. తిరగవేయడం మరవకండి.

పెంటగొయ్యి ఉన్నందుకు సిగ్గుపడనక్కరలేదు. మన రైతుల దగ్గర నేర్చుకుంటూ ఒక దొర ఈ దేశంలో ఇరవై ఆరేళ్ళు గడిపారు. మనకు మూడు నెలల ఓపిక చాలు. సెలవు.