బంజరు పేరిట బేరం

పరాయి దేశపు కంపెనీ వచ్చి వేల ఎకరాలు కౌలుకు రాయించుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1920లలో ప్రపంచపు రబ్బరు ఎక్కువ భాగం బ్రిటిష్ వలసల్లోనే పండేది. ధర పడిపోకుండా 1922లో బ్రిటన్ ఎగుమతులకు కళ్లెం వేసింది. దాంతో అమెరికా టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ సొంత తోటల కోసం వెతుకుతూ పశ్చిమాఫ్రికాలోని లైబీరియా చేరింది. 1926లో బేరం కుదిరింది: పది లక్షల ఎకరాల దాకా, 99 ఏళ్లు, ఎకరాకు ఏటా ఆరు సెంట్లు. అప్పుల్లో ఉన్న ఆ దేశానికి రుణం ఇప్పించడమూ అందులో భాగమే. తోటలకు అడ్డొచ్చిన ఊళ్లను ఖాళీ చేయించారు.

ఇలాంటి బేరాలు మళ్లీ ఊపందుకున్నది 2007-08లో, ఆహార ధరలు భగ్గుమన్నప్పుడు. భారత్ బాస్మతి కాని బియ్యం ఎగుమతి ఆపేసింది. డబ్బుండి పంట లేని దేశాలకు గుబులు పుట్టింది. భూగర్భ జలాలు అడుగంటుతుంటే గోధుమ సాగు తగ్గించుకోవాలనుకున్న సౌదీ అరేబియా బయటి పొలాల వైపు చూసింది. మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లు 99 ఏళ్లకు తీసుకునేందుకు కొరియా కంపెనీ దేవూ సిద్ధపడిందన్న వార్త 2008 నవంబరులో పొక్కింది. జనాగ్రహానికి అదీ ఒక కారణమై 2009 మార్చిలో ప్రభుత్వమే కూలింది, బేరం రద్దయింది.

ఇథియోపియాలో అలా జరగలేదు. అక్కడి రాజ్యాంగం ప్రకారం భూమి అమ్మకానికి లేదు, ప్రభుత్వం కౌలుకివ్వొచ్చు. గులాబీల వ్యాపారంలో పేరున్న బెంగళూరు కంపెనీ కరుటూరి గ్లోబల్‌కు గంబెల్లా ప్రాంతంలో లక్ష హెక్టార్లు 50 ఏళ్లకు ఇస్తూ 2010లో సంతకాలయ్యాయి. హెక్టారుకు ఏటా 20 బిర్లు (అక్కడి కరెన్సీ). అప్పటి మారకంలో ఎకరాకు పాతిక రూపాయలు కూడా పడలేదన్నమాట. భూమిని ఎలాంటి అడ్డంకీ లేకుండా ఖాళీగా అప్పగించే బాధ్యత ప్రభుత్వానిదేనని ఒప్పందంలో రాసుకున్నారు.

కానీ ఆ నేల ఖాళీ కాదు. అక్కడి అన్యువాక్ తెగ రైతులు ఒకచోట మొక్కజొన్న, జొన్న పండించి, సారం తగ్గితే దాన్ని కొన్నేళ్లు వదిలేసి మరోచోటికి మారతారు. అడవిలో తేనె, బారో నదిలో చేపలు కూడా వాళ్ల బతుకుతెరువే. విశ్రాంతికి వదిలిన చేను అధికారి కంటికి బంజరు. అదే సమయంలో గంబెల్లా జనాన్ని కొత్త ఊళ్లకు తరలించారు. బడులు, ఆసుపత్రులు, నీళ్ల కోసమేనని, ఎవరినీ బలవంతపెట్టలేదని, కౌళ్లతో సంబంధం లేదని ప్రభుత్వం చెప్పింది. బలవంతంగానే కదిలించారని, చేరిన చోట సరైన నేలగానీ తిండిగానీ లేదని హ్యూమన్ రైట్స్ వాచ్ 2012 నివేదికలో ఆరోపించింది.

ఇంతా చేస్తే పండిందెంత? 2011 వరదల్లో కంపెనీ మొక్కజొన్న కొట్టుకుపోయింది. ఆ పల్లపు నేలను నది ఏటా ముంచెత్తుతుందని స్థానికులకు తెలుసు. లక్ష హెక్టార్లలో 1,200 మాత్రమే సాగుకు తెచ్చారంటూ 2015 డిసెంబరులో ప్రభుత్వం కౌలు రద్దు చేసింది. భూమి తిరిగి ప్రభుత్వ ఖాతాకే చేరింది.

పట్టా లేకున్నా తరతరాల వాడుకతో వచ్చిన భూమి హక్కులను గుర్తించాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2012లో మార్గదర్శకాలు వచ్చాయి. అవి పాటించి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు. లైబీరియా నుంచి గంబెల్లా దాకా పంట మారింది, పెట్టుబడి పెట్టే దేశం మారింది. దున్నేవాడి పేరు లేని రికార్డు మారలేదు. సంతకానికి ముందే ఆ పేరు రాయకపోతే బేరం నిలిచినా, విరిగినా నష్టపోయేది అతనే.