ఓడలు కట్టిన దేశం

మారిషస్‌కు మూలవాసులంటూ ఎవరూ లేరు. మడగాస్కర్‌కు తూర్పున మరో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఈ అగ్నిపర్వత దీవిలో 1638కి ముందు మనుషులు స్థిరంగా కాపురం ఉన్న దాఖలా లేదు. ఇప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించే చెరకు తోటలు, కొండల్లో తిరిగే జింకలు, మార్కెట్లో వినిపించే క్రియోల్ మాట, వీధి చివర గుడి అన్నీ ఏదో ఒక ఓడలోనే వచ్చాయి. బీచ్‌లు చూసి తిరిగొచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే మారిషస్‌ను సగమే చూసినట్టని నా నమ్మకం.

1598లో ఆగ్నేయ తీరాన దిగిన డచ్చివారు తమ యువరాజు మారిస్ పేరు ఈ దీవికి పెట్టారు. నలభై ఏళ్ల తర్వాత స్థిరపడి, నల్లచేవ చెట్లు నరికి ఎగుమతి చేశారు. జావా నుంచి చెరకును, జింకలను 1639లో తెచ్చింది వాళ్లే. వాళ్ల ఓడలతో పాటు ఎలుకలు, పందులు, కోతులు కూడా దిగాయి. ఎగరలేని డోడో పక్షి నేల మీదే గుడ్లు పెట్టేది. నావికుల వేట కన్నా ఈ జంతువులే దాని వంశాన్ని ఎక్కువ దెబ్బతీశాయి. 1662 తర్వాత డోడోను చూశామన్న నమ్మదగిన కబురు లేదు. పోర్ట్ లూయీ మ్యూజియంలో దాని ఎముకల గూడు ఉంది. అది చూశాక ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవికీ వెళ్లండి. అంతరించిపోవాల్సిన గులాబీ పావురాలు అక్కడ మళ్లీ ఎగురుతున్నాయి.

డచ్చివారు 1710లో వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివారు వచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీ రేవును పట్టణంగా మార్చాడు. ఆ పట్టణం వెనుక మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన వేలాది మంది చెమట ఉంది. పారిపోయినవాళ్లు నైరుతి మూలన లె మోర్న్ కొండ మీద తలదాచుకున్నారు. 2008లో యునెస్కో గుర్తించిన ఆ కొండ కింద ఇప్పుడు ఖరీదైన రిసార్టులున్నాయి.

1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో ఫ్రెంచివారు గెలిచారు. పారిస్‌లోని విజయ తోరణం మీద ఆ గెలుపు చెక్కి ఉంది. అయితే డిసెంబరుకల్లా దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఇక్కడివాళ్ల చట్టాలను, మతాన్ని, ఆస్తులను ముట్టుకోబోమని లొంగుబాటు ఒప్పందంలో వాళ్లు మాటిచ్చారు. వీధుల పేర్లు ఫ్రెంచిలో ఉండి, వాహనాలు మాత్రం మన దేశంలో లాగా ఎడమవైపు నడవడానికి ఈ రెండు పాలనలే కారణం.

మనకు మరీ దగ్గరైన కథ ఇక్కడ మొదలవుతుంది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. అప్పటికే 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని ఇక్కడ దించింది. ఆ తర్వాతి ఎనభై ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వచ్చారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల కూలి. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని ఒప్పందం అనడానికి నాకు మనసొప్పదు. వాళ్లు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌గా మిగిలాయి. 2006 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం.

అలా వచ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కన గోదావరి ముఖాన ఉన్న కోరంగి అప్పట్లో పెద్ద రేవు. 1839 ఉప్పెన ఆ ఊరిని నేలమట్టం చేసింది. అయినా గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవాళ్ల వలస ఆగలేదు. మారిషస్‌లో తెలుగువాళ్లను ఆ రేవు పేరుతో కోరంగీలనే పిలిచేవారు. ఇవాళ కోరంగి మడ అడవుల్లో బోటు షికారు చేసేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇళ్లలో క్రియోల్ మాట్లాడే ఆ కుటుంబాలు సింహాద్రి అప్పన్నను, అమ్మోరు పండుగను, రామభజనను వదల్లేదు. అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, ఊరు, ఓడ వివరాలతో పాటు చాలామంది ఫొటోలూ ఉన్నాయి. మునిమనవలు వెళ్లి తమ పెద్దల్ని వెతుక్కుంటారు. ప్రయాణంలో ఒక పూట దీనికి ఇవ్వమంటాను.

దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తూ 1901లో గాంధీజీ కొన్ని వారాలు ఇక్కడ ఆగారు. కూలీల తరఫున వాదించడానికి 1907లో మణిలాల్ డాక్టర్ అనే వకీలు వచ్చారు. 1968లో స్వాతంత్ర్యం దక్కిన రోజు మార్చి 12, దండి యాత్ర మొదలైన తేదీ. జనం పెరిగి ఈ దీవి కష్టాల పాలవుతుందని 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ హెచ్చరించాడు. 1970ల నుంచి వచ్చిన బట్టల ఫ్యాక్టరీలు, హోటళ్లు ఆ జోస్యాన్ని తప్పించాయి.

ఓడల కథలో చివరి ఘట్టం మాత్రం ఇంకా మానని గాయం. స్వాతంత్ర్యానికి ముందే, 1965లో, చాగోస్ దీవులను బ్రిటన్ మారిషస్ నుంచి విడదీసింది. డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973కల్లా ఆ దీవులవాళ్లనందరినీ ఖాళీ చేయించారు. చాలామందిని పోర్ట్ లూయీలో దించారు. ఆఖరి ఓడలో వచ్చినవాళ్లు ఉండడానికి ఇళ్లు చూపించందే దిగబోమని ఓడలోనే కూర్చున్నారు. విడదీయడం చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మేలో బ్రిటన్, మారిషస్‌లు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం డియెగో గార్సియా 99 ఏళ్ల పాటు బ్రిటన్‌కు లీజుకు ఉంటుంది. చాగోస్‌వాళ్లు మిగతా దీవుల్లో మళ్లీ కాపురం పెట్టుకోవచ్చు. డియెగో గార్సియాలో పుట్టినవాళ్లకు మాత్రం సొంత ఊరికి దారి చూపలేదు.