టైరు గాలి పీడన హెచ్చరిక వ్యవస్థ

టైరు గాలి పీడన హెచ్చరిక వ్యవస్థ (టి.పి.ఎం.ఎస్.) అనగా కారు టైర్లలో గాలి నిర్ణీత స్థాయి కంటె తగ్గినపుడు డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు. దీని దీపం డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో, టైరు అడ్డుకోత ఆకారం నడుమ ఆశ్చర్యార్థక చిహ్నంతో కనిపిస్తుంది. ఈ ఒక్క దీపమే రెండు వేర్వేరు విషయాలను తెలుపుతుంది: టైరులో గాలి తగ్గినదని, లేదా వ్యవస్థలోనే లోపమున్నదని. ఈ రెండింటిని వేరుచేసి తెలుసుకొనడమే లోపనివారణలో మొదటి మెట్టు.

చరిత్ర

ఈ వ్యవస్థను 1986లో పోర్షె 959 కారులో అమర్చారు. 2000లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలు టైర్లు విడిపోయి ప్రమాదాలకు గురికాగా, ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించింది. ఆ సంవత్సరమే అమెరికా కాంగ్రెస్ ట్రెడ్ చట్టాన్ని ఆమోదించింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుండి అక్కడ తయారయ్యే తేలికపాటి వాహనాలన్నింటికీ ఈ వ్యవస్థ తప్పనిసరి అయినది. ఐరోపా సమాజంలో 2014 నవంబరు నుండి కొత్త కార్లన్నింటికీ ఈ నియమం వర్తించింది. భారతదేశంలో 2020లో సవరించిన నిబంధనల ప్రకారం, ఈ వ్యవస్థతో పాటు ట్యూబ్‌లెస్ టైరు మరమ్మత్తు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నను అనుమతి కలదు.

పనిచేయు విధానం

ఇది రెండు రకాలు.

ప్రత్యక్ష పద్ధతి: ప్రతి చక్రం లోపల, సాధారణంగా వాల్వుకు జోడించి, ఒక సెన్సారు ఉంటుంది. అది గాలి పీడనాన్ని కొలిచి, తన గుర్తింపు సంఖ్యతో సహా రేడియో తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, ఐరోపాలో 433 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వాడుకలో ఉన్నది.

పరోక్ష పద్ధతి: ఇందులో పీడన సెన్సారు ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కొద్దిగా తగ్గి, మిగిలిన వాటికంటె వేగంగా తిరుగుతుంది. ఏ.బి.ఎస్. బ్రేకుల చక్రవేగ సెన్సార్ల ద్వారా ఈ తేడాను కంప్యూటరు కనిపెడుతుంది.

దీపం నిలకడగా వెలిగినచో

గాలి తగ్గినదని అర్థం. గాలి తక్కువైన టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, లోపల వేడి పుట్టి, వేగంలో పగిలే ప్రమాదమున్నది. కావున వేగం తగ్గించి, క్షేమమైన చోట నిలిపి టైర్లను పరీక్షించవలెను.

* టైర్లు చల్లగా ఉన్నపుడు, అనగా కారు ఆగి మూడు గంటలైన తరువాత, గేజితో కొలవాలి. డ్రైవరు తలుపు వద్ద చీటీపై ఉన్న అంకెనే పాటించాలి. టైరు పక్కగోడపై ముద్రించినది గరిష్ఠ పీడనం మాత్రమే.
* గాలి కొట్టించిన తరువాత కొంత దూరం నడిపిన దీపం ఆరిపోతుంది. పరోక్ష పద్ధతి గల కార్లలో రీసెట్ కూడా చేయవలెను.
* ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే పీడనం దాదాపు ఒక పి.ఎస్.ఐ. తగ్గుతుంది. అందుచేత ఆదిలాబాదు వంటి చోట్ల చలికాలపు ఉదయాన వెలిగిన దీపం ఎండెక్కిన తరువాత ఆరిపోవచ్చును. అప్పుడు కూడా గాలి నింపవలసినదే.
* మళ్ళీ మళ్ళీ ఒకే టైరులో గాలి తగ్గితే మేకు, వాల్వు, రిమ్ము అంచు పరీక్షించాలి.

దీపం మొదట మినుకుమినుకుమన్నచో

బండి స్టార్టు చేయగానే ఒక నిమిషం నుండి నిమిషంన్నర వరకు మినుకుమని తరువాత నిలకడగా వెలిగితే, సాధారణంగా వ్యవస్థలో లోపమని భావించాలి. కొన్ని కార్లలో దీనికి వేరే సందేశం వస్తుంది. ముఖ్య కారణాలు ఇవి:

* సెన్సారులోని బ్యాటరీ అయిపోవుట. ఇది సుమారు 5 నుండి 10 ఏళ్ళు వస్తుంది. బ్యాటరీని లోపల మూసివేసి ఉంచుతారు గనుక సాధారణంగా సెన్సారునే మార్చవలెను.
* టైరు విప్పునపుడు సెన్సారు విరుగుట. పని మొదలుపెట్టకముందే సెన్సారు ఉన్న సంగతి పంక్చరు షాపువారికి చెప్పవలెను.
* సెన్సారు లేని స్టెప్నీని బిగించుట.
* కొత్త సెన్సారు పౌనఃపున్యం కారుకు సరిపడకపోవుట, లేదా దాని సంఖ్యను కారులో నమోదు చేయకపోవుట.
* పంక్చరు ద్రావకం సెన్సారు రంధ్రాన్ని మూసివేయుట.
* పరోక్ష పద్ధతిలో చక్రవేగ సెన్సారు చెడిపోవుట. అప్పుడు ఏ.బి.ఎస్. దీపం కూడా వెలుగుతుంది.

సెన్సార్లను మార్చకముందు మెకానిక్కు స్కానరుతో ఒక్కొక్క చక్రాన్ని పరీక్షించాలి. మూడు బదులిచ్చి ఒకటి పలకకపోతే లోపం ఆ ఒక్కదానిలోనే ఉండే అవకాశం ఎక్కువ. నాలుగూ పలికినా కారు అందుకొనకపోతే నమోదును, ఫ్యూజును, వైరింగును, రిసీవరును చూడవలెను.

పరిమితులు

అమెరికా ప్రమాణం ప్రకారం నిర్ణీత పీడనం కంటె 25 శాతం తగ్గినపుడు దీపం వెలగవలెను. అనగా 32 పి.ఎస్.ఐ. ఉండవలసిన టైరు 24కు దిగేవరకు హెచ్చరిక రాకపోవచ్చును. నాలుగు టైర్లలో ఒకేరీతిగా గాలి తగ్గితే పాత పరోక్ష వ్యవస్థలు కనిపెట్టలేవు. చాలా కార్లలో స్టెప్నీకి సెన్సారు ఉండదు. కాబట్టి దీపం వెలగకపోయినను, నెలకొకసారి స్టెప్నీతో సహా అన్ని టైర్లను గేజితో కొలవడం అవసరం.