థైరాయిడ్ అందరికీ ఉంది
తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ మందుల షాపు దగ్గర నిలబడినా ‘నాకు థైరాయిడ్ ఉందండీ’ అనే మాట వినిపిస్తుంది. థైరాయిడ్ రోగం పేరు కాదు, మెడ ముందు భాగంలో అందరికీ ఉండే గ్రంథి పేరు. గ్రీకులో ‘థురా’ అంటే తలుపు. తలుపులా పొడవైన డాలు ‘థురియోస్’. ఆ డాలు పేరునే 1656లో ఇంగ్లండు వైద్యుడు థామస్ వార్టన్ ఈ గ్రంథికి పెట్టాడు. మన ‘ద్వారం’ ఆ ‘థురా’కు చుట్టమే. ‘గ్రంథి’కి సంస్కృతంలో మొదటి అర్థం ముడి, జంధ్యపు ముడి బ్రహ్మగ్రంథి, తాటాకులు దారంతో కూర్చి కట్టింది గ్రంథం. కాబట్టి ‘గ్రంధి’ అని రాయడం తప్పు. మెడ ముందు వాపుకు ఆయుర్వేదంలో ‘గలగండం’ అనే పేరు ఎప్పటినుంచో ఉంది. ఈ గ్రంథి తయారుచేసేది హార్మోన్. ‘హార్మోన్’ 1905లో శాస్త్రవేత్త స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చిన మాట. దాని గ్రీకు మూలానికి కదిలించడమని అర్థం. థైరాయిడ్ హార్మోను రక్తంలో కలిసి ఒంట్లో శక్తి ఖర్చయ్యే వేగాన్ని నడిపిస్తుంది. అది తగ్గితే నీరసం, చలి, బరువు పెరగడం; ఎక్కువైతే గుండెదడ, చిక్కిపోవడం. రెంటికీ వైద్యం వేరు. అందుకే ‘థైరాయిడ్ ఉంది’ అని ఊరుకోకండి. తక్కువో ఎక్కువో తెలుసుకుని ఆ మాటే చెప్పండి.