హార్డ్ డిస్కు ఊడదీయడం తేలికే, చదవడమే కష్టం

పాత డెస్క్‌టాప్‌లోంచి హార్డ్ డిస్కు ఊడదీయడం మన ఐటీ జనాలకి పెద్ద పనేం కాదు. కరెంటు తీసేసి, క్యాబినెట్ పక్కరేకు విప్పి, పవర్ కనెక్టరూ, 40 పిన్నుల ఐడీఈ కేబులూ లాగేసి, అటు రెండు ఇటు రెండు స్క్రూలు తిప్పితే చేతిలోకొచ్చేస్తుంది.

మొదట్లో ఇంత సుఖం లేదు లెండి. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ డిస్కు బరువు దాదాపు టన్ను. ఒక్కోటీ 24 అంగుళాల పళ్ళేలు 50 పేర్చితే పట్టింది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ 5 మెగాబైట్లని ఐదుంపావు అంగుళాల డబ్బాలో ఇరికించింది. అలా చిక్కిచిక్కి డిస్కు మా ఆత్మకూరు, ఉదయగిరి లాంటి ఊళ్ళ డీటీపీ షాపుల్లోకీ వచ్చింది.

నా బాధల్లా ఆ డిస్కుల గురించే. శుభలేఖలు, అర్జీలు, గుళ్ళ స్థలపురాణాలు, అచ్చుకి నోచుకోని పద్యాలు అన్నీ పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో కొట్టినవే. ఇప్పుడవి చదవాలంటే మూడు తాళాలు తియ్యాలి. కొత్త మదర్‌బోర్డుల మీద ఐడీఈ సాకెట్ ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. తర్వాత పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోవాలి. అదీ అయ్యాక, ఆ ఫాంటు లేకపోతే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నించీ ఉంది, కానీ డీటీపీ షాపుల్లో చాలాకాలం రాజ్యం పాత ఫాంట్లదే.

అదే మా జిల్లా శాసనాల సంగతి చూడండి. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్నది 1514లో. ఆ కాలపు రాతిశాసనాన్ని ఈరోజుకీ లిపి తెలిసినవాడు కళ్ళతో చదువుకోవచ్చు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ఇద్దరూ నెల్లూరు జిల్లా రాగిరేకుల్నీ, రాళ్ళనీ మూడు సంపుటాలుగా అచ్చువేశారు. అందులో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాలకి వేరువేరు భాగాలున్నాయి. రాయి అరిగిపోయినా పాఠం మిగలాలంటే దారి అదొక్కటే, నకలు తీసి పెట్టడం.

డిస్కుకీ అదే మందు. పైగా రాయికి లేని సౌకర్యం దీనికుంది, ఎన్ని నకళ్ళు తీసినా అక్షరం చెడదు. కాబట్టి మీ ఊళ్ళో ఎవరైనా పాత సిస్టమ్ తుక్కు కొట్టుకి వేస్తుంటే, ముందు డిస్కు ఊడదీయించండి. ఉన్నదున్నట్టు కాపీ తీసి, తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. మూడు సంపుటాలు వెయ్యక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవరూ, ఒక ఆదివారమూ చాలు.