క్షయ మందులు, కాలేయ హాని: జన్యుభేదం పాత్ర

క్షయ చికిత్సలో వాడే మందుల వల్ల కాలేయ కణాలు దెబ్బతినడాన్ని క్షయ మందుల కాలేయ హాని అంటారు. మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ కాలేయానికి హాని చేయగలవు. ఇథాంబుటాల్‌తో ఆ భయం దాదాపు లేదు. రక్తంలో ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము సాధారణ గరిష్ఠ స్థాయికి ఐదు రెట్లు దాటినా, వాంతులు, కామెర్లు వంటి లక్షణాలతో మూడు రెట్లు దాటినా కాలేయానికి హాని చేసే మందులను ఆపుతారు. ఒకే మోతాదు మింగిన ఇద్దరిలో ఒకరికే కామెర్లు రావడానికి వయసు, మద్యం, హెపటైటిస్ బి, సి, పోషకాహార లోపంతో పాటు జన్యుభేదమూ కారణం. ఆ భేదాన్ని జోస్యంలా చదవడం కన్నా మోతాదు నిర్ణయించే కొలతగా వాడుకోవడమే సబబు.

1952లో వాడకంలోకి వచ్చిన ఐసోనియాజిడ్‌ను కాలేయంలో మార్చేది ప్రధానంగా ఎన్ఏటీ2 ఎంజైము. దాని జన్యువు 8వ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ మందకొడి రూపమే సంక్రమించినవారి రక్తంలో మందు సగానికి తగ్గడానికి రెండు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఎంజైము చురుగ్గా ఉన్నవారిలో గంట, గంటన్నర చాలు. ఎన్ఏటీ2 చర్యతో మొదట ఎసిటైల్ ఐసోనియాజిడ్ ఏర్పడుతుంది, అది విడిపోయి ఎసిటైల్ హైడ్రజిన్ అనే విషపదార్థం అవుతుంది. చురుకైనవారిలోనే ఈ విషం ఎక్కువ తయారవుతుంది కనుక ప్రమాదమూ వారికేనని 1970లలో కొందరు వాదించారు. కానీ ఆ విషాన్ని మళ్లీ హానిలేని పదార్థంగా మార్చేదీ అదే ఎంజైము. మందకొడిగా ఉంటే ఎసిటైల్ హైడ్రజిన్ పేరుకుపోతుంది. మిగిలిపోయిన ఐసోనియాజిడ్ నుంచి నేరుగా హైడ్రజిన్ అనే మరో విషమూ పుడుతుంది. తరువాతి అధ్యయనాల్లో అత్యధికం మందకొడివారికే ముప్పు ఎక్కువని తేల్చాయి.

అలాగైతే చికిత్సకు ముందే జన్యుపరీక్ష చేసి ముప్పున్నవారిని వేరు చేయవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. జపాన్‌లో మందకొడివారు సుమారు పదిమందిలో ఒక్కరే. భారతదేశంలో సగానికి పైనే. ఈ సగం మందిలోనూ చాలామంది కాలేయానికి ఏమీ కాకుండానే మందుల కోర్సు పూర్తి చేస్తారు. పైగా పైరజినమైడ్ మార్పులో ఎన్ఏటీ2కు పాత్ర లేదు కాబట్టి, ఎంజైము చురుగ్గా ఉన్నంత మాత్రాన అభయం దొరకదు.

మోతాదు సంగతి వేరు. మన దేశంలో పెద్దలకు ఇచ్చే ఒక్కో కలయిక మాత్రలో 75 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ ఉంటుంది. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టే, జన్యువుతో పని లేదు. జపాన్‌లో 172 మందిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో మందకొడివారికి కిలో బరువుకు 5 బదులు 2.5 మిల్లీగ్రాములు, చురుకైనవారికి 7.5 మిల్లీగ్రాములు ఇచ్చారు. మామూలు మోతాదు తీసుకున్న మందకొడివారిలో 78 శాతం మందికి కాలేయ హాని కలిగితే, తగ్గించిన మోతాదు వారిలో ఒక్కరికీ కలగలేదు. మోతాదు తగ్గిస్తే క్రిమి చావదేమోనన్న సందేహం సహజమే. కానీ మందకొడివారి రక్తంలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది కనుక తక్కువ మోతాదూ పనిచేస్తుంది. పెంచిన మోతాదుతో చురుకైనవారిలో చికిత్స తొలిదశ వైఫల్యాలూ తగ్గాయి. అధ్యయనం చిన్నది, మందకొడివారు అరుదైన దేశంలో జరిగింది అన్న అభ్యంతరం మాత్రం నిలిచేదే. మందకొడివారే ఎక్కువగా ఉన్న మన దేశంలో అలాంటి అధ్యయనం పెద్దఎత్తున జరగడమే దానికి సరైన సమాధానం. అప్పటిదాకా ఆకలి మందగించడం, వికారం, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం కనిపిస్తే జన్యువు ఏదైనా సరే వెంటనే వైద్యుణ్ని కలిసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.