టోగా మడతలు, సంఘాటి అంచు

తల, చేతులు విరిగి మొండెం మాత్రమే మిగిలిన పురుషుడి పాలరాతి విగ్రహాలు రోమన్ సామ్రాజ్యపు శిథిలాల్లో తరచుగా బయటపడ్డాయి. ఆ మనిషిని పోల్చుకోవడానికి ముఖం లేకపోయినా, ఒంటిని చుట్టుకున్న టోగా, అంటే రోమన్ పౌరులకే అర్హత ఉన్న అర్ధవృత్తాకారపు ఉన్ని వస్త్రం, అతని హోదాను తెలియజేస్తుంది. శిల్పులు చాలాసార్లు తలను వేరే రాతిలో చెక్కి, మెడ దగ్గర తొలిచిన గుంతలో అమర్చేవారు కాబట్టి, అది ఊడిపోయి మొండెం నిలవడం సహజమే.

అటువంటి మొండేలు కృష్ణా తీరాన అమరావతి, నాగార్జునకొండల్లోనూ దొరికాయి. అయితే ఇక్కడి పురుషుడు బుద్ధుడు. వస్త్రం సంఘాటి, అంటే బౌద్ధ భిక్షువుల పైబట్ట. కుడి భుజాన్ని విడిచి, ఎడమ భుజం మీదుగా జారే ఆ బట్ట ఒంటిపై సన్నని గీతల మడతలుగా సాగి, చీలమండల దగ్గర బరువైన అంచుగా మలుపు తిరిగి ఎడమ చేతి వైపు పైకి లేస్తుంది. ఆ అంచులోని గాంభీర్యానికి సాటి అరుదు.

ఈ పోలికను బట్టి రోమన్ ప్రభావాన్ని ఊహించిన పండితులున్నారు. నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు దొరకడం, ఇక్ష్వాకుల రాజధాని నాగార్జునకొండలో గ్రీకుల మద్య దేవత డయోనైసస్‌ను తలపించే, కొమ్ము పాత్ర పట్టిన గడ్డపు మనిషి శిల్పం ఉండడం ఆ వాదానికి బలమిస్తాయి. కానీ వ్యాపారం సాగినంత మాత్రాన ఉలి పనితనం కూడా ఓడలో దిగిందని తీర్మానించడం తొందరపాటే.

అసలు తేడా రాతిలోనే ఉంది. ఆంగ్లేయులు అమరావతి ఫలకాలను పాలరాయి అని పిలిచినా, అది పల్నాటి సున్నపురాయి. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ స్ఫటికంగా మారినదే నిజమైన పాలరాయి. రోమన్ శిల్పి ఆ గట్టి రాతిలో బర్మాతో లోతుగా తొలిచి, మడతల మధ్య చీకటి నింపి బట్టను ఒంటి నుంచి వేరుచేస్తే, పల్నాటి శిల్పి పొరలుగా విడివడే మెత్తని రాతిపై గీతలతోనే బట్టను ఒంటికి అంటించాడు. టోగా దేహాన్ని దాచి అధికారాన్ని చూపగా, సంఘాటి దేహపు శాంతిని బయటపెడుతుంది.

హైదరాబాద్‌లోని పబ్లిక్ గార్డెన్స్‌లో 1930లో ఏర్పడిన రాష్ట్ర మ్యూజియం బౌద్ధ విభాగంలో ఈ ఆంధ్ర బౌద్ధ శిల్ప సంప్రదాయాన్ని చూడవచ్చు. ఆ సంప్రదాయపు ప్రభావం సింహళానికీ, సముద్రం దాటి ఆగ్నేయాసియాకూ చేరింది. 1911లో వియత్నాంలోని డాంగ్ దువాంగ్‌లో బయటపడిన కంచు బుద్ధుడి వస్త్రధారణలో పండితులు దాని జాడలను గుర్తించారు.